ఊఁ కొట్టేవాళ్లు కావాలి: కథలు చెప్పడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదు చిక్కడపల్లిలో ఒక పాత ఇంటి డాబా మీద ఆదివారం సాయంత్రాలు కథలు చెప్పుకుంటాం. సంఘమూ కాదు, సంస్థా కాదు. నాలుగు చాపలు, ఒక మంచినీళ్ల కూజా, వీలైనప్పుడు వచ్చే మనుషులు. కథలు అయిపోయాక మెట్లు దిగుతూ అందరూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఆ మెట్లేమో ఇరుకు. నేను నిలబడి జవాబు చెబుతుంటే వెనకవాళ్లంతా ఆగిపోతున్నారు. అందుకే రాసిపెట్టాను. కొన్ని జవాబులు పొడుగు, కొన్ని ఒక్క మాట. ఆసక్తి ఉన్నచోట కూలబడిపోవడం నా అలవాటు, సర్దుకోండి.

ఫోనులో వేల కథలున్నాయి. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన పనేమిటి?

ఫోను ఊఁ వినదు.

కథ మొదలుపెట్టే ముందు మన ఇళ్లలో పెద్దవాళ్లు పెట్టే షరతు ఒకటే: ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ ఆగిపోతుంది. మేం నిద్రపోయామో లేదో తెలుసుకోవడానికే అలా అంటారని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. నేను చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, చీకట్లో నడిచేవాడికి చేతికర్ర ఎలాంటిదో చెప్పేవాడికి ఊఁ అలాంటిదని. చటుక్కున "ఊఁ" వస్తే విషయం అందింది, ముందుకు పోవచ్చు. "ఊఁ?" అని చివర లేచిందంటే ఎక్కడో ముడి పడింది, వెనక్కి వెళ్లి విప్పాలి. "ఊ..." అని నీరసంగా సాగితే వర్ణన ఎక్కువైందని అర్థం. రాజుగారి తోటలో పూల పేర్లు ఆపి వెంటనే పులిని తీసుకురావాలి. అసలు రాకపోతే అయితే నిద్ర, లేకపోతే భయం. ఏదో కళ్లు చూస్తే తెలిసిపోతుంది.

బుర్రకథ వాళ్లు ఈ ఊఁకు వేషం కట్టి వేదిక ఎక్కించారు. కథకుడు భుజాన తంబురా, చేతికి అందెలతో మధ్యలో ఉంటాడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. "తందాన తాన" అని అందుకోవడంతో వాళ్ల పని అయిపోదు. జనం మనసులో మెదిలే అనుమానాన్ని జనం కంటే ముందే అడిగేస్తారు, మధ్యలో ఊళ్లో సంగతులు కలిపి చురకలు వేస్తారు. మైదానం నిండా ఉన్న మనుషుల ఊఁలు ఏ కథకుడికీ వినిపించవు కదా, అందుకని వినేవాళ్ల తరఫున ఇద్దరిని తన పక్కనే నిలబెట్టుకున్నాడన్నమాట. షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది ఈ కళకే. బుర్రకథ చూసే అవకాశం వస్తే ఈసారి కథకుణ్ని వదిలి వంతల ముఖాలు చూడండి. వినడం ఎంత కష్టమైన పనో తెలుస్తుంది.

నాకు కథలు చెప్పడం అస్సలు రాదు. ఏ కథతో మొదలుపెట్టాలి?

ఏడు చేపల కథతో. నవ్వకండి, అంత పకడ్బందీగా కట్టిన కథ ఇంకొకటి నాకు కనబడలేదు.

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. అందులో ఒక చేప ఎండలేదు. నాలుగు వాక్యాలు, అంతే. రాజు పేరు లేదు, నగరం వర్ణన లేదు, కొడుకుల్లో ఎవరు పెద్దో ఎవరు చిన్నో కూడా లేదు. వచ్చిన ఆపద ఏమిటి? రాజ్యం పోలేదు, రాకుమారి మాయం కాలేదు. ఒక చేప ఎండలేదు. అయినా ఆ మాట వినగానే అయిదేళ్ల పిల్ల ముందుకు జరుగుతుంది.

ఇక వరస మొదలు. చేపను అడిగితే గడ్డిమోపు అడ్డమంది. గడ్డిమోపు ఆవు మేయలేదంది. ఆవు గొల్లవాడు మేపలేదంది. గొల్లవాడు అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు. అవ్వ పిల్లవాడు ఏడుస్తున్నాడంది. పిల్లవాడు చీమ కుట్టిందన్నాడు. మెట్టు మెట్టుకూ కథ కిందికి దిగుతూ ఉంటుంది: రాజకుమారుల దగ్గర బయలుదేరి చీమ దగ్గరికి చేరుతుంది. దారిలో ప్రతివాడూ తప్పును పక్కవాడి మీదికి తోసేవాడే. ఏదో ఒక కార్యాలయంలో ఒక కాగితం కోసం బల్ల బల్లకూ తిరిగిన పెద్దవాళ్లు ఇక్కడ పిల్లల కంటే ఎక్కువ నవ్వుతారు. ఎవరి మీదికీ తోయనిది చీమ ఒక్కటే. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంటుంది. అక్కడితో కథ సరి. చేప సంగతి ఏమైందో ఎవరూ చెప్పరు. ఇన్నాళ్లలో "మరి చేప ఎండిందా?" అని నన్ను నిలదీసినది ఒక్క పాప. ఆ పాప ఇప్పుడు ప్రతి ఆదివారం తనే ఒక కథ చెబుతోంది.

ఈ కథలో మరిచిపోవడానికి ఏమీ లేదు, ఒక జవాబులోంచే తర్వాతి ప్రశ్న పుడుతుంది. మీరు తడబడితే పిల్లలే అందిస్తారు. "ఆవా ఆవా" అని మీరు మొదలుపెట్టేసరికి మిగతాది వాళ్లు పూర్తిచేసి ఉంటారు.

కథను బట్టీ పట్టాలా?

వద్దు. ఈ సంగతి నాకు పరువు పోగొట్టుకున్నాకే తెలిసింది.

మొదట్లో నగరంలోనే ఒక బడి వాళ్లు పిలిస్తే వెళ్లాను. మూడు రోజులు కూర్చుని మాటకు మాట కంఠస్థం చేశాను. ఆవూ పులీ కథ. నూటయాభై మంది పిల్లలు, మైకు, ముందు వరసలో ఉపాధ్యాయులు. ఆవు పులికి మాట ఇచ్చి దూడ దగ్గరికి బయలుదేరింది. సరిగ్గా అప్పుడు రెండో వరసలో ఒక పిల్లవాడు చెయ్యెత్తి, "ఆవు పేరేమిటి?" అన్నాడు. నేను పట్టిన బట్టీలో ఆవుకు పేరు లేదు. "పేరు... ఏదో ఒకటి" అన్నాను. తర్వాతి వాక్యం గుర్తు రాలేదు. దాని ముందుది కూడా పోయింది. దారి మధ్యలో ఆవు, నోరు తెరుచుకుని నేను. చివరికి ఒక ఉపాధ్యాయురాలు లేచి, "గంగ అండీ, గంగ" అంది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు, నాకు కాదు.

ఇప్పుడు నేను గుర్తుపెట్టుకునేది మాటలు కాదు, మలుపులు. మీ ఇంటికి ఎలా రావాలో ఎవరికైనా చెప్పేటప్పుడు వాక్యాలు బట్టీ పట్టరు కదా. నారాయణగూడ చౌరస్తా, ఎడమకు, గుడి, గుడి దాటాక రెండో సందు. కథకు కూడా అలాంటి గుర్తులు అయిదో ఆరో చాలు. వాటి మధ్య ఏ మాటలతో నడుస్తారో ఆ రోజు ఎదురుగా కూర్చున్నవాళ్లను బట్టి ఉంటుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం ముందే ఖాయం చేసుకోండి. చివరిది తెలియనివాడు దిగాల్సిన చోటు తెలియని ప్రయాణికుడిలా చివరి స్టాపు దాకా పోతాడు. వినేవాళ్లు కూడా పాపం వాడితోనే.

పాత్రకో గొంతు మార్చి మాట్లాడాలా?

వచ్చినవాళ్లు మార్చండి. రానివాళ్లు పులి దగ్గర కొంచెం నెమ్మదించండి, చాలు. గొంతు మార్చాలన్న యావలో కథ మరిచిపోయినవాళ్లను చూశాను. మౌనం గొంతు కంటే బాగా పనిచేస్తుంది. తలుపు తెరుచుకున్నాక ఒక్క క్షణం ఏమీ అనకండి. లోపల ఏముందో పిల్లలు మీ కంటే భయంకరంగా ఊహించుకుంటారు.

ఒక కథ ఎంతసేపు ఉండాలి?

చిన్నపిల్లలకు పది నిమిషాలు, పెద్దలకు ఇరవై. పావుగంట కథను గంట చెప్పేవారు కూడా మా డాబాకు వస్తారు. వారిపై నాకు గౌరవమే. వారి వంతు చివర పెడతాం.

మా పిల్లలకు తెలుగు అంతంతమాత్రం. కథ అర్థమవుతుందా?

హైదరాబాదులో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. గచ్చిబౌలి నుంచి ఒక కుటుంబం వచ్చేది. బాబుకు ఏడేళ్లు. ఏడు చేపల కథ చెబుతుంటే వాడు చాలా సీరియస్‌గా, "ఆ మోపెడ్‌ను పక్కకు తీసి పెట్టవచ్చు కదా?" అన్నాడు. ఒక నిమిషం నాకేమీ అర్థం కాలేదు. వాడికి గడ్డిమోపు మోపెడ్‌లా వినబడింది. ఎండకు అడ్డంగా ఎవరో బండి నిలిపారనుకున్నాడు. తప్పేముంది? వాడి వీధిలో చేపకు ఎండ తగలకపోతే కారణం బండే అవుతుంది. వాడు కథను ఎక్కడా వదిలిపెట్టలేదు. ఆ రోజు నేను సరిదిద్దలేదు. మూడో వారం వాడే, "మోపు అంటే కట్ట కదా" అన్నాడు, ఎవరు చెప్పారో.

మాట తెలియని సిగ్గు రాజులకూ తప్పలేదు. శాతవాహన రాజు రాణులతో జలక్రీడలాడుతుంటే ఒక రాణి "మోదకైః" అందట. మా ఉదకైః, అంటే నీళ్లతో కొట్టకు అని. సంధి విడదీయడం రాని రాజు మోదకాలు, అంటే కుడుములు తెప్పించాడు. రాణి నవ్వింది. ఆ అవమానంలోంచే ఒక పెద్ద కథ పుట్టింది, దాని సంగతి కింద చెబుతాను.

కాబట్టి ప్రతి మాటకూ అర్థం చెప్పడానికి ఆగకండి. పదింటిలో రెండు మాటలు తెలియకపోయినా పిల్లలు దాటేస్తారు. మరీ అడ్డం పడే మాటైతే పక్కనే ఇంకో మాట జత చేయండి: "మజిలీ చేశారు, ఆ రాత్రికి అక్కడే ఆగిపోయారు." మొత్తం కథను ఇంగ్లీషులోకి తిప్పి చెప్పడం మాత్రం వద్దు. పిల్లలు తెలుగు వినేది ఇంకెక్కడ?

రాక్షసులు, సవతి తల్లులు, చావులు ఉన్న కథలు పిల్లలకు చెప్పవచ్చా?

రాక్షసుణ్ని చెప్పండి. భయపడే కథ మీ మోకాలికి ఆనుకుని వినేదే కదా, భయపడటానికి అంతకంటే భద్రమైన చోటు లేదు. చావు ఉంటే చావు చెప్పండి, "దూరం వెళ్లిపోయింది" అనకండి. ఎప్పుడు తిరిగి వస్తుందని అడుగుతారు. సవతి తల్లి దగ్గర మాత్రం నేను ఆగి ఆలోచిస్తాను. వింటున్న పిల్లల్లో ఎవరి ఇంట్లో ఏముందో మనకు తెలియదు. ఒకసారి అలాంటి కథ మధ్యలో ఒక పాప లేచి వెళ్లి నీళ్ల కూజా దగ్గర కూర్చుంది. ఆ తర్వాత ఆ కథలో సవతి తల్లిని మంత్రగత్తెను చేశాను. కథకు ఏ నష్టమూ రాలేదు.

భాగమతి కథ నిజమేనా? నిజమని చెప్పవచ్చా?

హైదరాబాదులో కథలు చెప్పేవాడు ఎప్పటికైనా ఈ వంతెన దాటాల్సిందే. నిజంగానే వంతెన: పురానాపూల్. అవతలి ఒడ్డున ఉన్న భాగమతి కోసం గోల్కొండ యువరాజు మహమ్మద్ కులీ వరద మూసీలోకి గుర్రం దూకించాడనీ, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా వంతెన కట్టించాడనీ చెప్పుకుంటారు. ఎంత అందంగా ఉందో చూడండి. ప్రేమ, వరద, తండ్రి కోపం కరిగి రాయిగా మారడం.

ఇప్పుడు లెక్క చూద్దాం. పురానాపూల్ కట్టింది 1578లో. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. అంటే మన ప్రేమికుడికి అప్పటికి పదమూడేళ్లు. భాగమతి పేరు మీద భాగ్‌నగర్ (ఇప్పటి హైదరాబాదు) వెలసిందని ఆ కాలపు చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. అసలు అలాంటి మనిషే లేదనీ, బాగులు, అంటే తోటల వల్ల బాగ్‌నగర్ అన్నారనీ చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వాణీ వాదించారు. గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధుల్లో ఆమె పేరుతో సమాధి లేదు.

నేను ఏం చేస్తానంటే, రెండూ చెబుతాను, వరస మాత్రం మార్చను. ముందు గుర్రం నీళ్లలోకి దూకాలి. పిల్లలు ఒడ్డుకు చేరాక, "మరి వంతెన కట్టేనాటికి అబ్బాయికి ఎన్నేళ్లో లెక్కపెడదామా?" అంటాను. వేళ్ల మీద లెక్క వేసి పడీ పడీ నవ్వుతారు. ఆ తర్వాత ఎవరో ఒకరు, "అయితే ఈ కథ ఎవరు పుట్టించారు?" అంటారు. ఆ ప్రశ్న కోసమే నేను ఈ కథ చెబుతాను. లెక్క ముందు చెప్పిన రోజు ఎవరూ ఏమీ అడగలేదు.

మన ఊళ్లో నిజంగా జరిగినవి కథగా ఎలా చెప్పాలి?

చెట్టుతో మొదలుపెట్టండి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చింది. వేల మంది పోయారు. ఇలా చెబితే పాఠం అవుతుంది. అదే, "ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది" అని మొదలుపెట్టి చూడండి. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది బతికారని చెబుతారు. కొమ్మ మీద పక్కన ఉన్నది ఎవరో తెలియదు, ఏ కులమో, ఏ మతమో. కింద నీళ్లు. చింతకొమ్మ గట్టిదని మన పెద్దవాళ్లకు తెలుసు, అది ఆ రాత్రి పనికొచ్చింది. ఇక్కడ ఆగితే పిల్లలు, "ఎవరైనా జారిపోయారా?" అని అడుగుతారు. అప్పుడు చెప్పండి, ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకుని తను ఒక్కడే మిగిలాడని. వేల సంఖ్య వాళ్లకు గుర్తుండదు. ఆ ముగ్గురు గుర్తుంటారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ వరద తర్వాతే కట్టారని చివర కలపండి, తర్వాతిసారి ఉస్మాన్‌సాగర్ ఉన్న గండిపేట వెళ్లినప్పుడు వాళ్లే మీకు కథ చెబుతారు.

వీలైతే ఆ చెట్టు కింద చెప్పండి. మేం ఒకసారి వెళ్లాం. రోగుల బంధువులు అన్నం డబ్బాలతో వచ్చి మా చుట్టూ నిలబడ్డారు. వాళ్లలో ఒక పెద్దాయన ఊఁ కొట్టడం మొదలుపెట్టాడు.

కథ చివర నీతి చెప్పాలా?

చెప్పకండి. మిఠాయి తినిపించి వెంటనే పళ్లు తోముకోమన్నట్టు ఉంటుంది.

అసలు కథల వల్ల ఏమిటి ప్రయోజనం?

కుడుముల రాజు కథ పూర్తి చేస్తాను. అవమానపడ్డ రాజు సంస్కృతం నేర్చుకుంటానన్నాడు. ఆస్థానంలోని గుణాఢ్యుడు ఆరేళ్లు పడుతుందన్నాడు. శర్వవర్మ ఆరు నెలలు చాలన్నాడు. నువ్వు అలా నేర్పితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పంతం పట్టి ఓడిపోయాడు. మాట్లాడటానికి భాషే మిగలని మనిషి వింధ్య అడవులకు పోయాడు. అక్కడ పిశాచాల భాష నేర్చుకుని, ఏడేళ్లు కూర్చుని, సిరా దొరక్క తన రక్తంతో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడు. రాజుకు పంపాడు. పిశాచ భాష, పైగా రక్తపు రాత, వద్దు పొమ్మన్నాడు రాజు. గుణాఢ్యుడు కొండ మీద మంట వేసి, ఒక్కొక్క ఆకూ పైకి చదివి నిప్పులో వేయడం మొదలుపెట్టాడు. అడవిలోని లేళ్లూ పందులూ పక్షులూ మేత మాని చుట్టూ చేరి కన్నీళ్లతో విన్నాయి. ఇక్కడ రాజుగారి వంటశాలలో మాంసం ఎండిపోయి వస్తోంది. రాజుకు జబ్బు చేసింది. వైద్యులు వంటవాళ్లను, వంటవాళ్లు వేటగాళ్లను అడిగారు (ఏడు చేపల వరస గుర్తొచ్చిందా?). రాజు పరుగున వెళ్లేసరికి ఆరు లక్షలు బూడిదయ్యాయి. మిగిలింది లక్ష. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు సంస్కృతంలో కథాసరిత్సాగరం పేరుతో తిరిగి చెప్పింది ఆ మిగిలిన కథలనే అంటారు.

శాతవాహనుల నాణేలు దొరికిన కొండాపూర్ మనకు దగ్గరే, సంగారెడ్డి అవతల. హైటెక్ సిటీ పక్కన ఉన్నది కాదు, మా వాళ్లు ఇద్దరు అక్కడికి పోయి ఫోను చేశారు.

ప్రయోజనం ఏమిటని అడిగారు కదా. నేను ఈ కథ చెప్పినప్పుడల్లా మంట దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు "ఆపండి, కాల్చవద్దనండి" అంటారు. మొన్న అన్నది ఆదాయపు పన్ను శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి.

పాతకాలపు కథకులను ఇప్పటికీ చూడగలమా?

చూడగలం, బస్సెక్కాలి. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో జరుగుతుంది, అక్కడ తెలంగాణ జానపద కథాగానం ఒగ్గుకథ వినండి. కథకుడు భుజం మీది గుడ్డను తలమీద కప్పుకుంటే తల్లి, నడుముకు చుట్టుకుంటే వీరుడు. అంతకుమించి సరంజామా లేదు.

దగ్గర్లోనే చేర్యాల. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి, ఎర్రటి నేల మీద బొమ్మలు వేసే నకాషీ పటాలు అక్కడివి. ఇప్పుడు చాలామంది గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలు కొంటారు గానీ, అవి పుట్టింది కథ చెప్పడానికి. పాత పటాలు 40 అడుగులు దాటినవీ ఉన్నాయి. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, చెప్పేవాళ్లూ వేరు: పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు చెబుతారు. పటాన్ని ఒక్కో అంకం విప్పుతూ పోతారు. విప్పింది కనబడుతుంది, విప్పనిది చుట్టలో ఉంటుంది. నేను ఆ చుట్ట వంక చూస్తూ కూర్చుండిపోయాను.

పుస్తకంలో చదివిన కథను చెప్పవచ్చా?

ఇంట్లో నిక్షేపంగా. టికెట్టు పెట్టో, వీడియో తీసో చెప్పాలంటే రచయిత అనుమతి అడగండి. మన చట్టంలో రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. అవ్వల కథలకు ఆ బాధ లేదు. పాత సంకలనాల కోసం సుల్తాన్ బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి వెళ్లండి, లేదా ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి.

మా నాయనమ్మ కథలు రికార్డు చేయాలని ఉంది. ఎలా?

ఎదురుగా ఫోను పెట్టి "ఒక కథ చెప్పు" అంటే "నాకేం వచ్చు నాయనా" అంటుంది. చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీయడానికి పక్కన కూర్చోండి. రికార్డు చేస్తానని ముందే చెప్పి, ఫోను చేట వెనక పెట్టేయండి. కాసేపటికి ఆమె దాన్ని మరిచిపోతుంది. కథ అడగకుండా తప్పుగా చెప్పండి: "ఆ కథలో నక్క బావిలో పడింది కదా?" "నక్క కాదు, తోడేలు" అని అందుకుంటుంది. మధ్యలో ఊళ్లోవాళ్ల సంగతుల్లోకి పోతే పోనివ్వండి, సగం బంగారం అక్కడే ఉంటుంది. అదే కథను నెల తర్వాత మళ్లీ చెప్పించండి. రెండుసార్లూ మారనిది కథ, మారింది మీ నాయనమ్మ. ఆలస్యం చేయకండి. నేను చేశాను.

రుసుము ఎంత? పెద్దవాళ్లు కూడా రావచ్చా?

ఏమీ లేదు. ఉడకబెట్టిన పల్లీలు తెస్తే సంతోషం. పిల్లలు లేకుండా వచ్చే పెద్దవాళ్లే ఇప్పుడు ఎక్కువ.

వాన వస్తే?

మెట్ల మీద కూర్చుంటాం, మెట్టుకు ఇద్దరు చొప్పున. చెప్పేవారు మధ్య మలుపు దగ్గర నిలబడతారు, వారు పైవాళ్లకూ కనబడరు, కిందివాళ్లకూ కనబడరు. గొంతు ఒక్కటే వినబడుతుంది. పైనుంచి ఒక ఊఁ, కిందినుంచి ఒక ఊఁ. జులైలో ఒకసారి కరెంటు కూడా పోయింది, ఎవరూ టార్చి వెయ్యలేదు. గొడుగులు మాత్రం గేటు దగ్గరే వదిలి రండి, మెట్లు జారుతున్నాయి.